అయిదో సూచన లేని పుస్తకం

టెస్టింగు ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వస్తుంటారు. ఎవరో ఒకరు పంపిస్తారు. కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఏ కోర్సు చేస్తే మంచిదండీ?" అని అడుగుతారు. కోర్సుల సంగతి నాకు తెలియదు, నేను ఏ కోర్సూ చేయలేదు. పదో తరగతి కాగానే ప్రెస్సులో చేరాను. పద్దెనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దాను. ఆ తరవాత ఏలూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ పని నిజానికి ఎలా ఉంటుందో, అందులో నేను చేసిన పెద్ద తప్పేమిటో ఒకచోట రాసిపెడితే, వచ్చినవాళ్ళ చేతికి ఇవ్వవచ్చని ఇది మొదలుపెట్టాను. ప్రమోషన్ల ముచ్చట్లు ఇందులో ఉండవు. నాకు వచ్చినవీ తక్కువే.

మేము చేసిన పని

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయడానికి ముందు మాట. మా ఆఫీసు పవర్‌పేట స్టేషనుకు దగ్గరలో ఒక మేడ మీద మూడు గదులు. రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి అక్కడ దిగేదాన్ని. కింద మందుల షాపు, పైన మేము. మందుల కోసం వచ్చినవాళ్ళు దారి తప్పి మెట్లెక్కి, మా కంప్యూటర్లను చూసి, స్కానింగ్ సెంటరనుకుని చెప్పులు విప్పి కూర్చున్న సందర్భాలు ఉన్నాయి.

యంత్రాలు కొంటే వాటితో పాటు ఒక పుస్తకం ఇస్తారు కదా, ఎలా బిగించాలి, ఎలా నడపాలి అని చెప్పేది. ఆ పుస్తకాలు రాసేవాళ్ళు పేజీలు కట్టరు. రాసిన ప్రతిదానికీ అదేమిటో చెప్పే గుర్తు తగిలిస్తారు. ఇది అధ్యాయం పేరు, ఇది సూచన, ఇది హెచ్చరిక, ఇది పట్టికలో గడి, అలా. హెచ్చరిక ఎంత అక్షరంలో ఉండాలో, చుట్టూ గీత ఉండాలో లేదో వాళ్ళకు పట్టదు. మా ప్రోగ్రాము ఆ గుర్తులన్నీ చదివి, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరుకు అర్థమయ్యే భాషలోకి మార్చేది. అక్కడ పేజీలు తయారై అచ్చుకు వెళ్ళేవి.

ప్రెస్సులో పెరిగిన నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ఎడిటరు కాపీ మీద ఎర్ర సిరాతో గుర్తులు పెడితే, కంపోజిటరు వాటిని చూసి టైపు కూర్చేవాడు. ఆ కంపోజిటరు పనే ఈ ప్రోగ్రాము చేసేది. తేడా ఒక్కటే. కంపోజిటరుకు అనుమానం వస్తే లేచి వచ్చి అడిగేవాడు. ప్రోగ్రాము అడగదు, తోచినట్టు చేసేసి ఊరుకుంటుంది. అది తోచినట్టు చేసినచోటల్లా పట్టుకోవడం నా ఉద్యోగం.

ప్రోగ్రాము రాసింది లక్ష్మి. పెంటపాడు పిల్ల, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, చాలా తెలివైనది. మాట మెత్తన. తప్పు పట్టుకుని చూపిస్తే, "అయ్యో, అలా చేసిందాండీ?" అని ప్రోగ్రాము పొరుగింటివాళ్ళ పిల్లాడైనట్టు మాట్లాడేది.

పరీక్షలు ఎలా పెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కో చిక్కుకు ఒక్కో చిన్న కాగితం రాసేదాన్ని. పట్టికలో పట్టిక వస్తే ఏం చేస్తుంది, సూచన లోపల బొమ్మ వస్తే ఏం చేస్తుంది, సూచన మొత్తం హెచ్చరికే అయితే ఏం చేస్తుంది, అలా. వాటిలో ఏదో ఒక మాటలుండాలి కదా. నాకు ఇంగ్లీషు పుస్తకాల మాటలు రావు. అందుకని బొమ్మిడాయి చేపల పులుసు ఎలా పెట్టాలో రాశాను. ఒకటి, బొమ్మిడాయిలను ఉప్పువేసి రుద్ది కడగాలి. రెండు, చింతపండు నానబెట్టాలి. మూడు, అదంతా హెచ్చరిక: పులుసు దించే ముందు స్టవ్ ఆపాలి. ఒకసారి బయటి నుంచి వచ్చిన కస్టమరు ఒకాయన నా కంప్యూటరు మీద అది చూసి పది నిమిషాలు శ్రద్ధగా చదివి, "ఇందులో మెంతులు వేయరాండీ?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఆఫీసులో నా పరీక్షలకు పులుసు పరీక్షలని పేరు పడిపోయింది.

ఒక్కో కాగితానికీ ప్రోగ్రాము ఇచ్చిన ఫలితాన్ని నేను అక్షరం అక్షరం చూసి, సరిగ్గా ఉందనుకుంటే దాన్ని మాదిరిగా దాచేదాన్ని. లక్ష్మి ప్రోగ్రాములో ఏం మార్చినా, మళ్ళీ అన్ని కాగితాలూ నడిపి, కొత్త ఫలితాన్ని ఆ మాదిరితో పోల్చేవాళ్ళం. తేడా లేకపోతే ఆకుపచ్చ వరస, తేడా ఉంటే ఎర్ర వరస వచ్చేది. తేడా కావాలని చేసిందే అయితే, కొత్త ఫలితాన్నే ఇకపై మాదిరిగా తీసుకోమని ఒక బటను నొక్కాలి. అంగీకరించు అని దాని పేరు. ఆ బటను నా చేతిలో ఉండేది.

శాతం గుర్తు మింగిన మాటలు

చేరిన ఏడాదికి చేపల మేత గురించిన చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. పేజీలు తయారయ్యాక ఊరికే తిరగేస్తున్నాను. ఒక పట్టికలో, "మొదటి నెలలో మాంసకృత్తులు 28" అని ఉంది. అంతే. ఆ తరవాత తెల్ల కాగితం. ఇరవై ఎనిమిది ఏమిటి, ఉంటే ఏం చేయాలి, ఏమీ లేదు. కింది గడిలో కూడా అంతే, ఒక అంకె, తరవాత ఖాళీ.

అసలు కాపీ తీసి చూస్తే, "28% ఉన్న మేతనే వాడాలి, అంతకు తగ్గితే చేప ఎదగదు" అని ఉంది. లక్ష్మిని పిలిచాను. చూసి నాలుక కరుచుకుంది.

"అదేనండీ, పేజీలు కూర్చే భాషలో శాతం గుర్తు పెడితే, అక్కణ్ణించి వరస చివరిదాకా మన సొంత గమనిక అనుకుంటుందండీ. అచ్చు వేయదు. నిజంగా శాతం గుర్తే కావాలంటే ముందు ఒక గీత పెట్టాలి."

"మరి పెట్టలేదేం?"

"మామూలు వాక్యాల్లో పెట్టానండీ. పట్టికల్లో మర్చిపోయాను."

చిన్న తప్పే, పావుగంటలో సరిచేసింది. నేను మాత్రం దాన్ని చాలాకాలం మర్చిపోలేదు. అక్షరం తలకిందులైతే కంటికి గుచ్చుకుంటుంది. మాట రెండుసార్లు పడితే ఎవరో ఒకరు నవ్వుతారు. మొత్తానికే పోయిన మాట ఎవరినీ పిలవదు. వాక్యం మధ్యలో తెగింది కాబట్టి నాకు తెలిసింది, వాక్యం మొత్తం పోయి ఉంటే పేజీ శుభ్రంగానే కనిపించేది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఉన్న తప్పులు వెతకడం త్వరగానే నేర్చుకుంటారు. లేనిదాన్ని వెతకడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. నాకు ఆ రోజు నేర్చేసుకున్నాననిపించింది. అది నా గొప్ప.

రాజుగారి బోర్డు

మా కంపెనీ యజమాని రాజుగారు. మంచి మనిషి. నెల తిరిగేసరికి జీతం ఇచ్చేవారు, ఎవరింట్లో జబ్బయినా కారు పంపేవారు. ఆయనకున్న జబ్బల్లా అంకెలు. గోడకు ఒక తెల్ల బోర్డు పెట్టించి, రోజూ సాయంత్రం ఎన్ని పరీక్షలు పాసయ్యాయో తనే రాసేవారు. అన్నీ పాసైన రోజున వీధి చివరి మిఠాయి కొట్టు నుంచి పూతరేకులు తెప్పించేవారు. పూతరేకుల కోసమే కొన్నిసార్లు ఆకుపచ్చ వరసలు కావాలనిపించేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఒకరోజు నన్ను పిలిచి, "మార్త గారూ, పరీక్షలన్నీ పాసయ్యాక మీరు మళ్ళీ పేజీలు కూడా చదువుతున్నారంట. ఎందుకండీ?" అని అడిగారు.

"అలవాటండీ" అన్నాను.

"అలవాటుకి రోజుకి మూడు గంటలు పోతున్నాయి కదండీ. పరీక్షలు రాసింది మీరే. వాటి మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా?"

ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. పద్దెనిమిదేళ్ళు ప్రూఫులు చదివి చదివి నా కళ్ళు అలిసిపోయి ఉన్నాయి. పైగా పదో తరగతి చదివినదాన్ని కంప్యూటరు పరీక్షలు రాశానన్న గర్వం ఒకటి. ఇక చదవనక్కర్లేదని పైనుంచి ఒక మనిషి చెబితే ఎవరు కాదంటారు? ఆ నెల నుంచి పేజీలు చదవడం మానేశాను. రాజుగారు చెప్పారని మానేశానని తరవాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు.

ఎర్ర వరసలు

ఏరేటర్లు తయారుచేసే కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చింది. ఏరేటరంటే చెరువులో తేలుతూ తిరిగే చక్రం. కరెంటుతో తిరుగుతుంది, నీళ్ళను చిమ్మి గాలి కలుపుతుంది. మబ్బులు పట్టిన రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోయి, తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి. అప్పుడు ఆ చక్రం తిరగకపోతే చెరువుకు చెరువు పోతుంది. రొయ్యలవాళ్ళు అప్పటికే వాడుతున్నారు, కొల్లేటి వైపు చేపలవాళ్ళు అప్పుడప్పుడే కొంటున్నారు. వాళ్ళ కోసం తెలుగులో పుస్తకం వేస్తున్నారు. మన వైపు వాళ్ళు చదివే పుస్తకమని నాకూ సరదాగా ఉండేది.

పుస్తకం అచ్చుకు వెళ్ళవలసిన వారంలో ఆ కంపెనీవాళ్ళు ఒక మార్పు అడిగారు. హెచ్చరికల పైన ఖాళీ ఎక్కువగా ఉంది, కొంచెం తగ్గించమని. లక్ష్మి తగ్గించింది. శుక్రవారం మధ్యాహ్నం పరీక్షలు నడిపాను. దాదాపు అన్నీ ఎర్ర వరసలే. తెరిచి చూస్తే, అన్నిటిలోనూ అదే తేడా, ఖాళీ కొలత మారింది. కావాలని చేసిందే.

మొదటి పది శ్రద్ధగా చూశాను. తరవాతి ఇరవై కళ్ళతో తడిమాను. అన్నీ ఒకటే. ఇంకా నూట యాభై ఉన్నాయి. నా రైలు అయిదుంపావుకి. రాజుగారు బోర్డు దగ్గర మార్కరు పట్టుకుని నిలబడి ఉన్నారు. అన్నిటినీ ఒకేసారి ఎంచి, అంగీకరించు అని నొక్కాను. ఎర్ర వరసలన్నీ ఆకుపచ్చగా మారిపోయాయి. పూతరేకులు వచ్చాయి, నేనూ ఒకటి తిన్నాను.

ఆ నూట యాభైలో నా పులుసు కాగితం ఒకటుంది. మూడో సూచన మొత్తం హెచ్చరికే ఉన్న కాగితం. కొత్త ఫలితంలో ఖాళీతో పాటు ఆ హెచ్చరిక కూడా ఎగిరిపోయింది. కొత్త మార్పుతో, సూచన లోపల హెచ్చరిక తప్ప ఇంకేమీ లేకపోతే ఆ సూచన మొత్తాన్నీ నంబరుతో సహా ప్రోగ్రాము వదిలేస్తోంది. పరీక్ష చేయవలసిన పని సక్రమంగా చేసింది, ఎర్రగా మారి నన్ను పిలిచింది. నేనే దాని నోరు నొక్కాను. అంతే కాదు, హెచ్చరిక లేకపోవడమే సరైనదని దానికి నేర్పాను. ఆ తరవాత ఎన్నిసార్లు నడిపినా ఆకుపచ్చే. ఏరేటరు పుస్తకాన్ని అచ్చుకు ముందు నాలుగుసార్లు నడిపాం. నాలుగుసార్లూ పాసు.

ఎవరు నొక్కారు

మూడు నెలల తరవాత వేరే యంత్రం పుస్తకం విషయంలో కస్టమరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఒకచోట సూచన కనపడటం లేదని. లక్ష్మి గంటసేపు వెతికి కారణం పట్టుకుంది. రాజుగారికి చెప్పింది. ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచారు.

"ఇంత చదువుకుని ఏం లాభం అమ్మా? ఖాళీ తగ్గించమంటే మాటలు తీసేస్తావా?"

లక్ష్మి తల వంచుకుని నిలబడింది. తన ప్రోగ్రాము, తన తప్పు. అంతవరకు నిజమే. నేను నా బల్ల దగ్గర కూర్చుని ఆ పులుసు కాగితం చరిత్ర తీసి చూశాను. ఎవరు, ఎప్పుడు అంగీకరించారో అందులో ఉంటుంది. నా పేరే ఉంది. ఆ చరిత్ర తీసి చూసే అలవాటు ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఆ అయిదు నిమిషాలు నాకు ఇప్పటికీ నచ్చవు.

లేచి వెళ్ళి, "రాజుగారూ, ప్రోగ్రాము తప్పు చేసింది. పరీక్ష పట్టుకుంది. నేను చూడకుండా నొక్కేశాను" అని చెప్పాను.

ఆయన నన్నూ, లక్ష్మినీ చూసి, కూర్చోమన్నారు. "సరేనండీ, సరిచేసి వాళ్ళకి పంపేయండి" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఏరేటరు పుస్తకం. తెలుగు పేజీలు తీసి చూశాం. అమర్చే విధానంలో నాలుగో సూచన ఉంది, తరవాత ఆరోది ఉంది. అసలు కాపీలో అయిదో సూచన మొత్తం హెచ్చరిక. తాడు లాగే ముందు, చక్రాన్ని ముట్టుకునే ముందు గట్టు మీద మెయిన్ స్విచ్ ఆపాలి, ఆపకుండా నీళ్ళలో దిగితే ప్రాణం పోతుంది. లక్ష్మి ముఖం పాలిపోయింది. నేను ఆ పేజీ తీసుకెళ్ళి రాజుగారి ముందు పెట్టాను.

"రెండో ముద్రణలో కలుపుదామండీ" అన్నారు రాజుగారు మెల్లగా.

"ఈలోగా ఎవరైనా ఆ చక్రం పట్టుకుంటేనండీ?"

ఆయన ఫోను తీసి ఏరేటర్ల కంపెనీకి చేశారు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి, దాచలేదు. యంత్రం కొన్న వాళ్ళ చిరునామాలు సాయంత్రానికి వచ్చాయి. అప్పటికి ముప్పై చిల్లర చోట్లకు వెళ్ళింది పుస్తకం, అన్నీ కొల్లేటి చుట్టుపక్కలే.

గట్ల మీద మూడు రోజులు

తాడేపల్లిగూడెంలో నా పాత ప్రెస్సుకు వెళ్ళి, పోయిన సూచనను పెద్ద అక్షరాల్లో చీటీలుగా వేయించాను. జిగురు సీసా, చీటీల కట్ట, పుస్తకం అసలు కాపీ సంచిలో వేసుకుని నేనూ లక్ష్మీ బయల్దేరాం. ఆటోలో వెళ్ళగలిగినంత దూరం ఆటోలో, ఆ తరవాత పడవలో, మిగతాది గట్ల మీద నడక. లక్ష్మి చెప్పులు మొదటి రోజే తెగిపోయాయి.

చెరువు చెరువుకూ వెళ్ళేముందు ఒకటే భయం, ఇక్కడ ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. పాక ముందు మనుషులు గుమిగూడి కనిపిస్తే చాలు నడక ఆగిపోయేది. ఒకచోట పదిమంది ఉన్నారు. దగ్గరకు వెళితే పేకాట.

పుస్తకం గురించి అడిగితే వెతుక్కునేవాళ్ళు. ఒకచోట పాక చూరులో దొరికింది. ఒకచోట దాని వెనక అట్ట మీద మేత బస్తాల లెక్క రాసుకున్నారు. ఇంకోచోట కిరోసిను డబ్బాకు మూత. చదివారాండీ అంటే నవ్వేవాళ్ళు. "చక్రం తిప్పడానికి చదువెందుకండీ?" అన్నాడొకాయన. స్విచ్ ఆపుతున్నారా అని అడిగితే, కొందరు ఆపుతున్నామన్నారు. ఒకతను తిరుగుతున్న చక్రాన్ని తాడుతో గట్టుకు లాగి, దాని మీద చెయ్యి వేసి మరీ, "అలవాటేనండీ" అన్నాడు. లక్ష్మి కళ్ళు మూసేసుకుంది. అతని చేత స్విచ్ ఆపించి, చీటీని పుస్తకంలోనే కాదు, స్విచ్ బోర్డు పక్కన కూడా అంటించాను. ఆ తరవాత ప్రతిచోటా అలాగే చేశాం.

మూడో రోజు మధ్యాహ్నానికి ఒకే ఒక చిరునామా మిగిలింది. ఎక్కడా ఎవరికీ ఏమీ కాలేదు. పడవలో కూర్చుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. లక్ష్మి మూడు రోజుల్లో మొదటిసారి నవ్వి, "గట్టెక్కేశామండీ మేడమ్ గారూ" అంది.

వీరాస్వామి

ఆఖరి చెరువు గుడివాకలంక దాటాక. కౌలుకు తీసుకున్నతని పేరు వీరాస్వామి, నలభై ఏళ్ళుంటాయి. గట్టు మీద పాక, పాక పక్కన టార్పాలిను కప్పిన ఏరేటరు. చక్రం అట్టపెట్టెలోనే ఉంది. చెరువులో నీళ్ళున్నాయి గాని మేత వేసే సందడేమీ లేదు. అతను బల్ల తుడిచి మమ్మల్ని కూర్చోమన్నాడు.

"యంత్రం ఇంకా బిగించలేదాండీ?" అని లక్ష్మి అడిగింది.

"నాలుగుదాకా బిగించానండీ. తరవాత ఆపేశాను."

నాకు అర్థం కాలేదు. అతను పాకలోకి వెళ్ళి, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన పుస్తకం తెచ్చాడు. మూడు రోజుల్లో అంత శుభ్రంగా ఉన్న పుస్తకాన్ని మేము చూడలేదు. పేజీ తీసి వేలు పెట్టాడు.

"ఇదిగోండీ. నాలుగు తరవాత ఆరు ఉంది. అయిదు లేదు. కరెంటుతో పని, నీళ్ళతో పని. ఆ అయిదులో ఏముందో తెలీకుండా ఎలా తిప్పుతామండీ?"

"ఎవరినీ అడగలేదాండీ?"

"ఎందుకడగలేదండీ. అమ్మినాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వారు. అచ్చులో నంబరు తప్పు పడింది, తిప్పేసుకో అన్నారు. నంబరు తప్పో, మాట పోయిందో ఆయనకి మాత్రం ఏం తెలుసండీ? కంపెనీకి కార్డు రాశాను. ఎవరన్నా వస్తారేమోనని చూస్తా ఉన్నాను."

చెరువు వైపు చూడకుండా అడిగాను. "పోయిన వారం ముసురు పట్టింది కదండీ..."

"పోయిందండీ" అన్నాడు. "మూడు రోజులు ఎండ లేదు కదా. తెల్లారి లేచి చూస్తే చేపంతా తెల్లగా తేలిపోయి ఉంది. యంత్రం ఇక్కడే ఉంది, ఇలాగే."

మూడు రోజులుగా నేను భయపడింది పుస్తకం చదవని మనుషుల గురించి. వాళ్ళందరూ క్షేమంగా ఉన్నారు. మేము వేసిన పుస్తకాన్ని నమ్మి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివిన మనిషి ఒక్కడే ఉన్నాడు, నష్టపోయింది అతనే. నాకు ఏడుపు ఆగలేదు. లక్ష్మి నా భుజం పట్టుకుంది.

"ఆ మాట పోవడానికి కారణం నేనేనండీ" అని చెప్పాను. "పరీక్ష చూడకుండా సరేనన్నాను."

అతను చీటీ అడిగి తీసుకుని, పైకే, నెమ్మదిగా చదివాడు. చదివి రెండోసారి కూడా చదివాడు.

"ఇదేనాండీ?" అన్నాడు. "స్విచ్ ఆపమని. ఎలాగూ ఆపేవాళ్ళమే కదండీ."

లక్ష్మి జిగురు రాసి చీటీని నాలుగుకూ ఆరుకూ మధ్య అంటించింది. అతను ఆరేదాకా ఊది, పుస్తకం మూయబోయి ఆగాడు.

"అమ్మగారండీ, కోపగించుకోకండి. దీనికి నంబరుంది కాబట్టి పోయిందని నాకు తెలిసింది. నంబరు లేనిచోట ఇంకేదన్నా పోయి ఉంటే నాకెలా తెలుస్తుందండీ?"

ఎన్నేళ్ళ నుంచి పరీక్షలు రాస్తున్నా నాకు నేను వేసుకోని ప్రశ్న అది. తెలియదని చెప్పాను.

"దీని అసలు కాగితాలు మీ దగ్గర ఉంటాయి కదండీ. మీరు వాటిలోంచి మొత్తం చదవండి. నేను పుస్తకంలో చూసుకుంటాను. ఎక్కడన్నా తప్పితే ఇద్దరికీ తెలుస్తుంది."

లక్ష్మి సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ మొదటి వరస నుంచి మొదలుపెట్టాను. యంత్రం పేరు, బరువు, బిగించవలసిన మరలు, ప్రతి బొమ్మ కిందా ఉన్న మాటలు, ఏదీ వదలలేదు. వీరాస్వామి వరస వరసకూ వేలు జరుపుతూ, "ఉందండీ" అంటున్నాడు. నీరెండ పాక మీద నుంచి చెరువు మీదకు జరిగింది. ఆఖరి పేజీకి వచ్చేసరికి నా గొంతు ఎండిపోయింది. ఇంకేమీ పోలేదు.

ఆ పుస్తకాన్ని నేను నాలుగుసార్లు పాసు చేశాను. మొదటి నుంచి చివరిదాకా చదవడం మాత్రం అదే మొదటిసారి.